గోడకి కొమ్ములు, చెరువుగట్టుకి పేగులు

విజయవాడలో ఆదివారం పొద్దున్నే మాంసం కొట్టు ముందు నిలబడితే ‘వేట మాంసం’ అన్న మాట పదిసార్లు వినపడుతుంది. ఆ వరసలో నిలబడ్డవాళ్ళెవరికీ అడవి గుర్తుకురాదు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో వేట అంటే మేకపోతు, లేదంటే పొట్టేలు. అమ్మవారి జాతరలో ‘వేటను కోశారు’ అంటాం. మా అమ్మమ్మ నోట మాత్రం ఆ మాటకి రెండర్థాలూ బతికే ఉండేవి. ‘ఈ వేట కాదే, ఆ వేట’ అని చెయ్యి కొండల వైపు చూపించేది.

అడవినీ అంగడినీ ఒకే మాట కలపడం తెలుగులోనే జరగలేదు. సంస్కృతంలో మృగం అంటే ఏ జంతువైనా కావచ్చు, జింక కూడా. వేటేమో మృగయ. ఇంగ్లీషువాళ్ళు జింక మాంసాన్ని వెనిసన్ అంటారు. వేటాడటం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి అది వచ్చింది. ఒకప్పుడు వేటలో దొరికిన ఏ మాంసమైనా వెనిసనే. వేటంటే ముందుగా జింకే మనుషులకి గుర్తొచ్చిందన్నమాట. అయితే ఈ మాటలన్నీ చంపడం దగ్గరే ఆగిపోతాయి. చంపిన తర్వాత ఇంటికి చేరిన ఆ బరువైన, వెచ్చని శరీరాన్ని ఎవరు అందుకున్నారు, ఎవరు కోశారు, ఎవరు కడిగారు, ఎవరు ఏ ముక్క తిన్నారు అనే సంగతి వేట చరిత్రల్లో దాదాపు కనిపించదు. ఈ వ్యాసం దాని గురించి.

మా అమ్మమ్మ కాపరానికొచ్చిన ఊరు మైలవరం వైపు, కొండపల్లి అడవికి దగ్గరగా ఉన్న మెట్ట పల్లె. ఆమె వచ్చింది 1950లలో. తాతయ్య అన్నగారికి తుపాకీ లైసెన్సు ఉండేది. ఏడాదికి రెండుమూడుసార్లు రాత్రిపూట బండి కట్టుకుని, టార్చిలైట్లు తీసుకుని నలుగురైదుగురు మగవాళ్ళు వెళ్ళేవారు. దొరికితే దుప్పి, లేకపోతే కుందేళ్ళు. ఆ ఇంటి చావడి గోడ మీద ఒక జత దుప్పి కొమ్ములు నా చిన్నతనమంతా చూశాను. వాటికి పంచెలు తగిలించేవారు. ఆ కొమ్ములు ఏ సంవత్సరంలో, ఏ వాగు దగ్గర, ఎన్ని గుళ్ళకి వచ్చాయో ఇంట్లో మగపిల్లలందరికీ నోటికి వచ్చు.

ఒకసారి అమ్మమ్మని అడిగాను, ‘మరి మాంసం సంగతేంటి అమ్మమ్మా, ఎవరు చేసేవారు?’ అని.

‘ఇన్నాళ్ళకి అడిగావే పిల్లా’ అంది. 

బండి తెల్లవారుజామున వచ్చేది. అప్పటికే పొట్ట ఉబ్బడం మొదలయ్యేది కాబట్టి ఆలస్యం చెయ్యడానికి లేదు. మాదిగవాడ నుంచి ఒకామెకి కబురు వెళ్ళేది. ఆమె భర్త తోలు ఒలిచేవాడు, ఆమె లోపలి భాగాలు తీసేది. తొడలు ఊళ్ళో పెద్దమనుషుల ఇళ్ళకి. తల, కాళ్ళు ఒలిచినవాడికి. పొట్టా పేగులూ ఆమెకి. కార్జం, గుండెకాయ మాత్రం ముందే ఇంట్లోకి వచ్చేసేవి. వేట నుంచి వచ్చినవాళ్ళు స్నానాలు చేసి అరుగు మీద కూర్చునేసరికి అవి మిరియం వేసి వేగి ఉండాలి. మిగిలిన మాంసం పులుసు. మగవాళ్ళు, పిల్లలు, పాలేళ్ళు తిన్నాక ఆడవాళ్ళు కూర్చునేవారు.

‘మాకు పులుసు మిగిలేది. కార్జం ఎలా ఉంటుందో నాకేం తెలుసు? ఉప్పు సరిపోయిందో లేదోనని నాలిక మీద వేసుకున్నంతే’ అంది అమ్మమ్మ.

మొదటిసారి ఆ పని చూసినప్పుడు అమ్మమ్మకి పదహారేళ్ళు. మేకని కోసేటప్పుడు కార్జానికి అంటుకుని ఉండే చేదు సంచి, అదే పిత్తాశయం, పగిలితే కూరంతా పాడవుతుందని పుట్టింట్లో నేర్చుకుని వచ్చింది. అందుకని ‘చేదు పగలకుండా చూడవే’ అని హెచ్చరించిందట. ఆమె తల ఎత్తకుండానే ‘దుప్పికి చేదుండదమ్మగోరూ’ అందట. అంతే, ఆ తర్వాత పేగులు తట్టలో వేసుకుని చెరువుగట్టుకి వెళ్ళిపోయింది. ఆమె పేరు అమ్మమ్మకి గుర్తుంది. వాళ్ళ మనవరాళ్ళు ఇప్పటికీ ఆ ఊళ్ళో ఉన్నారు కాబట్టి నేనిక్కడ రాయడం లేదు.

అమ్మమ్మ చెప్పిన ఈ పంపకాల జాబితా పక్కన పెట్టుకుని మన సాహిత్యంలో వేటల్ని మళ్ళీ చదివాను.

కృష్ణా గోదావరుల మధ్య వేంగి రాజ్యంలో, పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ మహాభారతాన్ని తెలుగు చెయ్యడం మొదలుపెట్టాడు. ఆదిపర్వంలో ఎన్ని వేటలున్నాయో లెక్కపెట్టి చూడండి. ఉపరిచర వసువు వేటకి వెళ్ళిన కథ నుంచి చేప కడుపున సత్యవతి పుట్టుక. శంతనుడు వేటాడుతూ గంగ ఒడ్డుకి వస్తాడు. దుష్యంతుడు వేటకి వచ్చి శకుంతలని చూస్తాడు, తర్వాత సభలో ఆమె ఎవరో తెలియదంటాడు. పాండురాజు జంటగా ఉన్న జింకల్ని కొడతాడు. ఆ జింక రూపంలో ఉన్న కిందముడు శాపం పెడతాడు. చివరికి ఆ శాపం ఫలించిన రోజు చితి ఎక్కేది మాద్రి. వేట రాజుల వ్యసనమని శాస్త్రాలు చెప్పాయి, వినోదమని కావ్యాలు చెప్పాయి. ఆ వ్యసనం ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో ఈ కథల్ని వరసగా పెట్టుకుంటే తప్ప కనపడదు.

రామాయణంలో ఖాతా ఇంకా తేలిగ్గా తారుమారైంది. బంగారు లేడిని అడిగింది సీత కాబట్టి జరిగిందంతా ఆమె ఆశ వల్లే జరిగిందని చిన్నప్పటి నుంచీ వింటాం. వాల్మీకి అరణ్యకాండలో ఇంకొక చిన్న వివరం ఉంది. మారీచుణ్ణి చంపాక రాముడు మరొక చుక్కల జింకను కొట్టి, దాని మాంసం తీసుకుని ఆశ్రమానికి బయల్దేరతాడు. ఆ మాంసం అందుకోవాల్సిన మనిషి ఆశ్రమంలో లేదు. వనవాసమంటే రోజూ ఎవరో ఒకరు తేవడం, ఎవరో ఒకరు వండటం కూడానని ఒక్క క్షణం తెలుస్తుంది. హరికథల్లో మాత్రం ఆ ముక్క వినపడదు.

వేటగాళ్ళ భాషలో ‘దీమం’ అని ఒక మాట ఉంది. మచ్చిక చేసిన జంతువుని ఎరగా నిలబెట్టి అడవిలో ఉన్న దాని జాతిని రప్పించడం. లేడిని దీమంగా పెడితే ఇర్రి వస్తుంది. ఇర్రి అంటే మగ కృష్ణజింక. స్త్రీలని లేడికళ్ళవాళ్ళని వర్ణించిన కవులకి ఈ వేట పద్ధతి తెలియదనుకోలేం. హరిణాక్షి అన్న పిలుపులో ఆ చూపు ఎవరిదో ఒకసారి ఆలోచించాలి. జింకని అంత దగ్గరగా, అంత ఓపికగా చూసేది వేటగాడే.

దీమం పెట్టి జింకల్ని పట్టడం గురించి వివరంగా రాసిన పుస్తకం ‘మానసోల్లాసం’. కళ్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో రాయించింది. ఆయన ఏలుబడి తొలిరోజుల్లో వేంగి కూడా ఆ వంశం చేతిలోనే ఉంది. ఈ పుస్తకంలో వేటకి ఎంత చోటుందో తిండికీ అంత చోటుంది. కార్జాన్ని వక్కల్లా కోసి, నిప్పుల మీద కాల్చి, పెరుగులోనో ఆవపిండి కలిపిన పులుపులోనో వెయ్యమంటాడు. పేగుల్ని శుభ్రం చేసి, లోపల మూలుగ కూరి కాల్చమంటాడు. నెత్తురుతో వండే వంటా ఉంది. అంటే బోటి, కార్జం, నెత్తురు ‘తక్కువ తిండి’ అన్న మాట అప్పటి రాజుల పళ్ళెంలో లేదు. రాజు తిన్నప్పుడు బోటి సంస్కృత శ్లోకమైంది. పేగులు కడిగిన చేతులు మాత్రం ఆ శ్లోకంలో కూడా లేవు.

ఇంగ్లండులో పంపకం ఇంకోలా నడిచింది. వేటాడిన జింక మాంసం దొరల బల్ల మీదికి వెళ్తే, లోపలి భాగాలు, వాటిని అంబుల్స్ అనేవారు, పనివాళ్ళకి పిండిరొట్టెలో పెట్టి కాల్చి ఇచ్చేవారు. తలవంచి తప్పు ఒప్పుకోవడాన్ని ‘హంబుల్ పై తినడం’ అనే నుడికారం ఆ వంటకం పేరు మీదే పుట్టింది. ఒక జంతువు కడుపులోంచి ఒక వర్గం మొత్తానికి ‘వినయం’ అంటగట్టారు. మన దగ్గర ఆ పని కులం చేసింది. జాతరలో కోసిన వేటలో తల ఎవరికి, కాళ్ళు ఎవరికి, పేగులు ఎవరికి అన్నది ప్రతి ఊళ్ళోనూ కట్టుబాటే. మా ఇంట్లో జరిగిన పంపకం దానికి నకలు. ఒకే శరీరంలో కార్జం నుంచి పేగుల దాకా ఉన్న జానెడు దూరంలో మూడు మెట్లున్నాయి. అరుగు మీది మగవాడు, వంటింట్లో అగ్రకులపు ఆడది, చెరువుగట్టు మీది దళిత స్త్రీ. కార్జం రుచి తెలియని అమ్మమ్మ నాకు బాధితురాలిగా కనిపించింది చాలాకాలం. చెరువు వైపు నుంచి చూస్తే ఆమె, ‘చూడవే’ అని ఆజ్ఞ ఇచ్చిన మనిషి కూడా.

ఇదంతా మెట్ట సంగతి. డెల్టాలో జింక కథ వేరే దారి పట్టింది. 1832–33 నందన కరువులో గుంటూరు, బందరు ప్రాంతాలు నాశనమైన తర్వాత, ఆర్థర్ కాటన్ పథకం ప్రకారం 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలోనే 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. కాలవలు పారినకొద్దీ బీళ్ళు, పశువులు మేసే పోరంబోకులు, పొదలు వరిచేలయ్యాయి. గడ్డి మైదానాల్లో బతికే కృష్ణజింకకి వరిచేనులో చోటు లేదు. అన్నం పెరిగింది, నిజమే. వేట మీద, ఏరుకు తినడం మీద బతికేవాళ్ళ నేల తగ్గింది.

యానాదులకి ఆ వరిచేలల్లో మిగిలిన వేట ఎలుక. కోతలయ్యాక కన్నం ముందు కుండలో గడ్డి కాల్చి పొగ ఊదడం, బయటికొచ్చిన ఎలుకల్ని పట్టడం, ఆ కన్నాల్లో ఎలుకలు దాచిన వరికంకుల్ని తవ్వి తీసుకోవడం. ఈ పనిలో ఆడవాళ్ళు, పిల్లలు అందరూ ఉంటారు. పంటని కాపాడుతుంది కాబట్టి రైతు దీన్ని పని అంటాడు, ఎలుక కాబట్టి ఎవరూ వేట అనరు. తుపాకీ పట్టిన మగవాడు జింక వెనక పోతే వేట. కుండ పట్టిన ఆడది ఎలుక వెనక పోతే కూలి.

ఎరుకలకి మరీ దారుణం జరిగింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించారు. ఆ తర్వాత కొన్నేళ్ళకే బాపట్ల దగ్గర స్టువర్టుపురంలోనూ, బెజవాడకి నది అవతల సీతానగరంలోనూ సాల్వేషన్ ఆర్మీ నడిపే సెటిల్‌మెంట్లు వచ్చాయి. ఊరూరా తిరిగి ఉప్పు, ధాన్యం అమ్మినవాళ్ళు, బుట్టలల్లినవాళ్ళు, సోది చెప్పిన స్త్రీలు హాజరు పట్టీలో పేర్లయ్యారు. చీరాల పొగాకు కంపెనీకి అక్కడి నుంచి కూలీలు ఎలా వెళ్ళారో, ఆ క్రమశిక్షణ భారం స్త్రీల మీద ఎలా పడిందో మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాశారు. అదే కాలంలో తెల్ల అధికారులకీ జమీందార్లకీ అడవిలో తిరగడం షికారు. తిరగడం ఒకరికి హోదా, ఇంకొకరికి నేరం.

స్త్రీవాద చర్చల్లో వేట మనకి కొత్త విషయం కాదు. 1966లో చికాగోలో జరిగిన ‘మ్యాన్ ద హంటర్’ సదస్సు మనిషి తెలివి, సహకారం, పనిముట్లు అన్నీ మగవాడి వేట నుంచే వచ్చాయన్న నమ్మకానికి బలమిచ్చింది. 1970లలో శాలీ స్లోకమ్ వంటి మానవశాస్త్రవేత్తలు దుంపలు, పళ్ళు ఏరిన స్త్రీ ఏమైందని నిలదీశారు. ఫిలిప్పీన్స్‌లో ఆగ్తా స్త్రీలు విల్లంబులతో అడవిపందుల్నీ జింకల్నీ వేటాడతారని 1980లలో అధ్యయనాలు వచ్చాయి. 2020లో పెరూ కొండల్లో తొమ్మిదివేల ఏళ్ళనాటి సమాధిలో వేట పనిముట్లతో పాటు ఉన్న అస్థిపంజరం ఒక యువతిదని తేలింది. ఇవన్నీ సంతోషించాల్సినవే. అయినా నాకొక అసంతృప్తి ఉంది. స్త్రీ కూడా బాణం వేసిందని రుజువు చేస్తేనే ఆమె చరిత్రలోకి రావాలా? చెరువుగట్టు మీద పేగులు కడిగినామెకి ఏ సమాధిలో ఏ పనిముట్టు పెడతారు?

మరోవైపు 1990లో కారల్ ఆడమ్స్, మాంసాహారానికీ పితృస్వామ్యానికీ ఉన్న సంబంధాన్ని చర్చిస్తూ ‘సెక్సువల్ పాలిటిక్స్ ఆఫ్ మీట్’ రాసింది. పళ్ళెంలో ముక్క చూసేవాడికి చచ్చిన జంతువు కనపడదని ఆమె చెప్పిన మాట నిజం. కానీ ఆ వాదాన్ని అలాగే తెచ్చి ఇక్కడ పెడితే శాకాహారమే స్త్రీవాదమవుతుంది. మాంసం మానడం ఇక్కడ వేల ఏళ్ళుగా కులం ఎక్కడానికి వేసుకున్న మెట్టు. ఏ కూర తింటామో చెప్పుకోవడమే ధిక్కారమని దళిత రచయిత్రులు మనకి నేర్పారు. 2012లో ఉస్మానియా క్యాంపస్‌లో జరిగిన పెద్దకూర పండగ చుట్టూ రేగిన గొడవ గుర్తుండే ఉంటుంది. నా వరకు, కనపడకుండా పోయింది జంతువొక్కటే కాదు. దాన్ని కూరగా మార్చిన స్త్రీ కూడా ఆ ముక్కలో కనపడదు.

ఇంకొక మాట. కార్జం రుచి సంగతి పక్కన పెట్టినా, అందులో ఇనుమూ ఎ విటమినూ దండిగా ఉంటాయి. రక్తస్రావానికి పచ్చి మేక కార్జాన్ని సుశ్రుతుడు వైద్యంగా చెప్పాడు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత. నెల నెలా రక్తం పోయే శరీరాలకి పులుసు, అరుగు మీద కూర్చున్న శరీరాలకి కార్జం. ఈ పంపకం అడవి వేటతో ఆగిపోలేదు. కొట్లో కొన్న వేట మాంసంలో వేసిన నాలుగు కార్జం ముక్కలు ఎవరి పళ్ళెంలో పడుతున్నాయో ఈ ఆదివారం మన ఇళ్ళల్లోనే చూడొచ్చు.

ఇక చట్టం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కృష్ణజింక మొదటి షెడ్యూల్లో చేరింది. లైసెన్సు మీద కొన్ని జంతువుల వేటకి మొదట్లో మిగిలిన అవకాశం 1991 సవరణతో పోయింది. అది మంచిదే. అంతరించిపోయే జంతువుని చంపే హక్కు కోసం నేను వాదించను. 2014లో తెలంగాణ మచ్చల జింకనీ, 2018లో విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్ కృష్ణజింకనీ రాష్ట్ర జంతువులుగా ప్రకటించుకున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల గుర్తూ జింకే.

నన్ను ఆపింది వేరే విషయం. ఆ చట్టం కొమ్ములకి ఒక దారి చూపించింది. చట్టం రాకముందే ఇంట్లో ఉన్న కొమ్ములు, తోళ్ళ వివరాలు అధికారులకి ప్రకటించి యాజమాన్య పత్రం తీసుకోవచ్చు. అప్పుడు ప్రకటించనివాళ్ళకి 2003లో మళ్ళీ ఆరు నెలల గడువిచ్చారు. మాంసానికి అలాంటి పత్రం ఉండే వీలే లేదు కదా. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసుల సంప్రదాయ హక్కుల్ని గుర్తిస్తూ, వేట హక్కునీ, జంతు శరీరభాగాలు తీసుకునే హక్కునీ పేరుపెట్టి మినహాయించింది. సరదాకి చంపినవాడి జ్ఞాపకచిహ్నం ఆస్తిగా నిలబడింది. ఆకలికి వండినామె జ్ఞానానికి ఆస్తిగా, సంప్రదాయంగా, కనీసం జ్ఞాపకంగా కూడా చోటు దొరకలేదు. మా చావడి కొమ్ములకి కాగితం ఉంది. ఫైల్లో జాగ్రత్తగా పెట్టారు.

ఆ కొమ్ముల గురించి ఇంకొకటి చాలా ఆలస్యంగా తట్టింది. దుప్పుల్లో కొమ్ములుండేది మగవాటికే. కృష్ణజింకల్లోనూ ఆడవాటికి మామూలుగా కొమ్ములు రావు. టార్చిలైటు వెలుగులో పడ్డ ఆడ దుప్పులు ఎన్నో ఏ గోడ మీదా లేవు. గోడల్ని చూసి వేట చరిత్ర రాస్తే చచ్చిన జింకలన్నీ మగవే, చంపినవాళ్ళందరూ మగవాళ్ళే. ఎండి నిలిచేవి దాచుకునేవాళ్ళు దాచుకున్నారు. తడిగా ఉన్నవి, ఆ పూటకే కడిగి వండి తినేయాల్సినవి, కడిగిన చేతులతో పాటే పోయాయి.

‘దుప్పికి చేదుండదమ్మగోరూ’ అన్న మాట నిజమేనా అని ఒకసారి పుస్తకాల్లో వెతికాను. నిజమే. దుప్పి, కణితి వంటి కొమ్ములు రాల్చే జింకలకి పిత్తాశయం ఉండదు. మేకకి ఉంటుంది. ఈ సంగతి క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ గమనించి రాశాడని జంతుశాస్త్ర చరిత్రల్లో ఆయన్ని మెచ్చుకుంటారు. మైలవరం దగ్గరి చెరువుగట్టున ఆ మాట చెప్పినామె అరిస్టాటిల్‌ని చదవలేదు. ఎన్ని దుప్పుల కడుపుల్లో చెయ్యి పెడితే, ఆమె తల్లీ అత్తా ఎన్నిటిలో చెయ్యి పెడితే ఆ మాట అంత తేలిగ్గా నోటికొచ్చిందో లెక్క ఎవరూ కట్టలేదు. ఆ మాట అమ్మమ్మ చెవిలో పడింది కాబట్టి అరవై ఏళ్ళు నిలిచింది. అమ్మమ్మ పోయేలోపు నేను అడిగాను కాబట్టి ఇక్కడి దాకా వచ్చింది.

మీ ఇళ్ళల్లోనూ ఎక్కడో ఒక కొమ్ముల జత ఉండే ఉంటుంది. వేటకి ఎవరు వెళ్ళారో అందరికీ తెలుసు. తర్వాత ఎవరికి కబురు పంపారో అడగండి.